తెర మీది వింత – అచ్చులో ఎంత?

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాయవలసిందని సంపాదకవర్గం వారు కోరారు. పేరాల వాడిని గనుక చీరాల–పేరాల ఉద్యమం గురించి రాస్తానని వారు అనుకొని ఉండవచ్చు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారిని గురించీ, ఊరు ఖాళీ చేసి రామనగర్‌లో పాకలు వేసుకున్న మన పెద్దలను గురించీ నాకన్నా బాగా తెలిసినవారు చాలామంది రాశారు. నేను రాయబోయేది అంతకంటే చాలా చిన్న చరిత్ర. పుస్తకాన్ని సినిమాగా తీయటం మనందరికీ తెలుసు. సినిమాను తిరిగి పుస్తకంగా రాయటం అనే పని కూడా ఒకటి ఉంది. మన తెలుగులో దానికి ‘వెండితెర నవల’ అని చక్కని పేరు పెట్టుకున్నారు. ఆ వెండితెర నవల ఎక్కడ పుట్టింది, సైన్సు సినిమాల దగ్గరకు వచ్చేసరికి దాని గతి ఏమయింది, తెర మీద చూసిన వింతలో అచ్చులోకి ఎంత దిగుతుంది – ఇదీ విషయం. సినిమాలు మనకెందుకయ్యా ఈ వయసులో అనే మిత్రులు ఒక్క పావుగంట ఓపిక పట్టాలి. ఎందుకు రాశానో చివరకు వచ్చేసరికి వారికే తెలుస్తుంది.

ఈనాటి పిల్లలకు ఒక సంగతి విడమర్చి చెప్పవలసి ఉంది. మా చిన్నతనంలో సినిమా అంటే వెళ్ళిపోయేది. బాపట్లలోనో చీరాలలోనో రెండు వారాలు ఆడి, పెట్టెలు సర్దుకొని రైలెక్కేది. తరువాత ఏ టూరింగు టాకీసు డేరాలోకో అరిగిపోయిన ప్రింటు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. ఇంట్లో మళ్ళీ వేసుకొని చూసే వీలు లేదు. టెలివిజను లేదు, వీడియో లేదు. చూసినవాడికి జ్ఞాపకం మిగిలేది. చూడనివాడికి ఏమీ లేదు. ఆ లోటు తీర్చటానికి మూడు మార్గాలుండేవి. మొదటిది హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకం. పల్చటి కాగితం, రంగు అట్ట, లోపల కథాసంగ్రహం. కథ సరిగ్గా ముడి పడేచోట ఆపి, మిగతాది వెండితెర మీద చూడండి అనేవారు. రెండవది విజయవాడ ఆకాశవాణి వారి సంక్షిప్త శబ్దచిత్రం. బొమ్మ లేకుండా మాటలూ పాటలూ మాత్రమే వినిపించేవారు. వరండాలో రేడియో పెట్టుకొని పదిమంది కూర్చుని వినటం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మూడవది, మన విషయానికి అసలైనది, వెండితెర నవల. పాటల పుస్తకం లాగా కాకుండా ఇది కథను చివరిదాకా చెప్పేది.

ఈ మూడవ మార్గాన్ని పరిచినవారిలో మన తెనాలి వారి చెయ్యి ఉన్నదని చెప్పుకోవటం మన ప్రాంతానికి గర్వకారణం. చక్రపాణి గారు, అనగా ఆలూరి వెంకటసుబ్బారావు గారు, తెనాలి ఐతానగరం వారు. క్షయవ్యాధితో మదనపల్లె శానిటోరియంలో ఉన్న రోజుల్లో బెంగాలీ నేర్చుకొని శరత్‌బాబు నవలలను తెలుగు చేసిన మనిషి. ఆయన, నాగిరెడ్డి గారు కలిసి 1947 జులైలో చందమామ మొదలుపెట్టారు. ఆ తరువాత విజయా సంస్థ పేరు మీద సినిమాలు తీయసాగారు. ఒక చేతిలో పత్రిక, మరొక చేతిలో స్టూడియో. 1951లో పాతాళభైరవి విడుదలైనప్పుడు ఆ సినిమా కథను చందమామలో చదువుకొనే కథగా ప్రచురించారు. ఇది మంచి ప్రచారం అన్నమాట నిజమే. వ్యాపారం తెలిసినవారు గనుక చేశారు. కాని ఫలితం వ్యాపారంతో ఆగలేదు. ఆ తరువాత మిస్సమ్మకు రావూరు సత్యనారాయణరావు గారు నవలారూపం ఇచ్చారు. వెండితెర నవల అనేది తెలుగు పాఠకుడి ఇంట్లో ఒక మామూలు వస్తువయిపోయింది.

పాతాళభైరవి వచ్చేసరికి నేను ఉయ్యాల దాటినవాడిని మాత్రమే. నాకు ఆ కథ తెలిసింది బైండు చేయించిన పాత చందమామలలో. మా మేనత్త చిన్నతనంలోనే పసుపుకుంకాలు పోగొట్టుకొని పుట్టింటికి వచ్చిన మనిషి. ఆ రోజుల్లో అటువంటివారు సినిమా హాలు గడప తొక్కటం లేదు. తొక్కాలని ఆమెకు ఉండేదో లేదో, అడిగినవారు లేరు. మధ్యాహ్నం పూట నన్ను కూర్చోబెట్టుకొని ఆ కథ చదివించుకొనేది. రెండవసారికి పుస్తకం అక్కరలేకుండా తనే చెప్పేది. మూడవసారికి అందులో లేని ఒక మెట్లబావి, ఆ బావికి ఒక ఏడుతలల కాపలాదారు చేరారు. నేను హైస్కూలుకు వచ్చాక ఎక్కడో మళ్ళీ వేసినప్పుడు సినిమా చూశాను. యస్.వి. రంగారావు గారి మాంత్రికుడు నా ఊహలోని మాంత్రికుణ్ణి ఒక్క దెబ్బతో తోసేశాడు. ఆయనను మించి ఊహించటం ఎవరి తరం? కాని పాతాళం మాత్రం మా మేనత్త పాతాళమే పెద్దది. వాహినీ వారి సెట్టుకు నాలుగు గోడలున్నాయి, ఆమె బావికి అడుగు లేదు.

పాతాళభైరవి అచ్చులో ఎందుకంత బాగా ఒదిగిందని తరువాత చాలాసార్లు ఆలోచించాను. కారణం కష్టమైనదేమీ కాదు. అది అసలు మాటల్లో పుట్టిన కథే. పింగళి నాగేంద్రరావు గారు ఆ కథకు మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల దగ్గరా, అల్లావుద్దీను అద్భుతదీపం దగ్గరా అప్పు చేశారు. కాశీమజిలీలంటేనే దారిలో ఒక్కొక్క మజిలీ దగ్గర మణిసిద్ధుడు గోపాలుడికి చెప్పే కథలు. నోటి నుంచి పుస్తకంలోకి, పుస్తకం నుంచి తెర మీదకు, తెర నుంచి చందమామలోకి, చందమామ నుంచి మళ్ళీ మా మేనత్త నోటిలోకి వచ్చింది. బదిలీ మీద బదిలీ అయి చివరకు సొంత ఊరికే వచ్చి చేరిన ఉద్యోగి లాంటిది.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఆ బొమ్మ వరాలు ఎలా ఇస్తుంది అని ఎవరూ అడగరు. ఇస్తుంది, అంతే. 1957లో వచ్చిన మాయాబజార్‌లో ప్రియదర్శిని పేటిక ఉన్నది గదా, తెరిచినవారికి తమకు ప్రియమైనది కనబడుతుంది. ఇప్పటి మనుమలు దానిని చూసి, తాతయ్యా, ఇది వీడియో కాలు గదా అంటున్నారు. కాదు నాయనా. వీడియో కాలుకు టవరు కావాలి, చార్జింగు కావాలి, నెలనెలా డబ్బు కట్టాలి. ప్రియదర్శినికి ఏమీ అక్కరలేదు. వరానికి కారణం అవసరం లేదు. యంత్రానికి అవసరం. జానపద చిత్రానికీ సైన్సు చిత్రానికీ ఉన్న తేడా అంతా అక్కడే ఉంది. అచ్చులోకి దిగేసరికి ఆ తేడా పదింతలవుతుంది.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పకుండా ఉండలేను. చందమామను 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు గారు కూడా తెనాలిలోనే, 1909లో పుట్టారు. ఆయన చదివింది భౌతికశాస్త్రం. విజయనగరంలో బి.యస్సీ. చేసి, కాశీలో యం.యస్సీ.లో చేరి, ఆర్థికమాంద్యం దెబ్బకు మధ్యలో మానుకోవలసి వచ్చింది. సైన్సు మీద ఎన్నో వ్యాసాలు రాశారు. అటువంటి మనిషి చేతి మీదుగా భేతాళుడు, రాక్షసులు, మాంత్రికులు నెలనెలా మన ఇళ్ళకు వచ్చారు. 1954లో మొదలైన తోకచుక్క ధారావాహికను దాసరి సుబ్రహ్మణ్యం గారు రాశారు. పేరు ఖగోళశాస్త్రానిది, కథ మాంత్రికులది! తోకచుక్క ఎన్నేళ్ళకొకసారి వస్తుంది, దాని తోక దేనితో తయారయింది అని ఆ కథ చదువుతూ ఏ పిల్లవాడూ అడగలేదు. కథ అడగనివ్వలేదు. భౌతికశాస్త్రం చదివిన సంపాదకుడికి ఏది ఎక్కడ అడగాలో, ఎక్కడ అడగకూడదో బాగా తెలిసి ఉండాలి.

సరే, అడగక తప్పని కథల దగ్గరకు వద్దాం. వాటికోసం కొంచెం పడమటి దేశాలకు పోవాలి.

సినిమా నుంచి నవల రాయించటం అక్కడా పాత అలవాటే. జర్మనీలో తీసిన మెట్రోపొలిస్ 1927లో విడుదలయింది. ఆ కథ రాసిన తియా ఫాన్ హార్బూ అనే ఆవిడ దానిని అంతకుముందే నవలగానూ ప్రచురించింది. కింగ్‌కాంగ్ సినిమా 1933లో వస్తే, దాని నవల 1932 డిసెంబరులోనే వచ్చింది, సినిమాకు ముందు చాటింపులాగా. మన పాటల పుస్తకానికి అది అన్నగారు. నేను ఉద్యోగరీత్యా బాపట్లలో ఉన్న రోజుల్లో వ్యవసాయ కళాశాల విద్యార్థులు చదువు ముగించి వెళుతూ పాత ఇంగ్లీషు పుస్తకాలు చవకగా అమ్మేసి పోయేవారు. వాటిలో ఈ సైన్సు నవలలు కొన్ని నా పాలబడ్డాయి. పక్కన నిఘంటువు పెట్టుకొని, రేపల్లె బదిలీ అయినప్పుడు రైల్లోనూ చదివాను. గుమాస్తా ఇంగ్లీషు ఫైళ్ళ ఇంగ్లీషే గాని, ఓపిక ఉంటే ఏదైనా చదవవచ్చు.

వాటిలో మొదట చెప్పవలసింది ఐజాక్ అసిమోవ్ రాసిన ఫెంటాస్టిక్ వాయేజ్. సినిమా 1966లో వచ్చింది. కథ ఇది. ఒక శాస్త్రవేత్తకు మెదడులో రక్తం గడ్డకడుతుంది. బయట నుంచి ఆపరేషను చేయటం కుదరదు. అందుకని ఐదుగురు మనుషులను, వారెక్కిన జలాంతర్గామిని కంటికి కనబడనంత చిన్నవిగా చేసి, సూదిమందులాగా ఆయన రక్తంలోకి ఎక్కిస్తారు. గడువు అరవై నిమిషాలు. అది దాటితే అందరూ మళ్ళీ మామూలు పరిమాణానికి పెరిగిపోతారు. పాతకాలపు కొలువులో ఏ ఫైలుకూ ఇంత గట్టి గడువు నేను చూడలేదు. సినిమావారు స్క్రిప్టు ఇచ్చి నవల రాయమన్నారు. అసిమోవ్ డాక్టరేటు పొందిన జీవరసాయనశాస్త్ర ప్రొఫెసరు. స్క్రిప్టు చదివేసరికి ఆయనకు ఒక రంధ్రం కనబడింది. సినిమాలో జలాంతర్గామిని ఒక తెల్లరక్తకణం మింగేస్తుంది. మిగిలినవాళ్ళు కన్నీటి దారిన బయటపడతారు. మరి లోపల మిగిలిపోయిన జలాంతర్గామి? గడువు తీరగానే అదీ పెరగాలి గదా! ముక్కలైనా, అరిగిపోయినా, అందులోని పదార్థం ఎక్కడికి పోతుంది? రోగి తల పగలాలి. సినిమావారు దానిని పట్టించుకోలేదు. సినిమా చూసిన పదకొండేళ్ళ తన కూతురు కూడా ఆ ప్రశ్నే వేసిందని అసిమోవ్ తరువాత చెప్పుకున్నారు.

అందుకని నవలలో ఆయన ఆ తెల్లరక్తకణాన్ని మనుషుల వెంటబడేటట్టు చేసి, మింగిన ఇనుముతో సహా కంటి దారినే బయటకు రప్పించారు. జలాంతర్గామి పెరిగితే బయటే పెరిగింది. రోగి బతికాడు, లెక్క సరిపోయింది. ఇంకొక తమాషా ఏమిటంటే, ఆయన వేగంగా రాయటం, సినిమా ఆలస్యం కావటం వల్ల పుస్తకం కొన్ని నెలలు ముందు బజారులోకి వచ్చింది. జనమంతా ఆ నవలను చూసి సినిమా తీశారనుకున్నారు. డ్రాఫ్టు కంటే ఫెయిర్ కాపీ ముందు వెళ్ళిపోయిన ఫైలు అది.

దీనినుంచి నాకు తట్టింది ఇది. సినిమా చూసేవాడు సంతకాలు పెట్టే పైఅధికారి లాంటివాడు. కాగితం ముందుకు వస్తుంది, సంతకం పెడతాడు, తరువాతి కాగితం వస్తుంది. ఆగి చూడటానికి వ్యవధి లేదు. రీలు తిరుగుతూ ఉంటుంది. పుస్తకం చదివేవాడు ఆడిట్ పార్టీ మనిషి. పేజీలో వేలు పెట్టి ఆగుతాడు. వెనక్కి తిప్పుతాడు. ఇది ఎలా జరిగింది, ఆ వోచరు ఏది అంటాడు. సైన్సు సినిమాను నవలగా రాసేవాడు ఈ ఆడిట్‌కు సిద్ధపడి రాయాలి. సినిమా దాటవేసిన ‘ఎలా’ అనే ప్రశ్నకు జవాబు చెప్పిన పుస్తకం నిలుస్తుంది. తెర మీద చూసినదానిని చూసినట్టు కాగితం మీద పెట్టినది నిలవదు.

అయితే జవాబు చెప్పటంలోనూ ఒక నష్టం ఉన్నదని 2001: ఎ స్పేస్ ఒడిస్సీ చదివినప్పుడు తెలిసింది. ఇది మామూలు వెండితెర నవల కాదు. దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్, రచయిత ఆర్థర్ సి. క్లార్క్ 1964 నుంచి కలిసి కూర్చుని సినిమానూ నవలనూ పక్కపక్కన పెంచారు. సినిమా 1968 ఏప్రిల్‌లో, నవల అదే ఏడాది కొద్దినెలలకు వచ్చాయి. క్లార్క్ గారు మనకు దగ్గరివారే. 1956 నుంచి సింహళంలో స్థిరపడి 2008లో అక్కడే పోయారు. కుబ్రిక్ సినిమాలో మాటలు చాలా తక్కువ. ఆదిమానవుడు ఎముకను గాలిలోకి విసురుతాడు. అది తిరుగుతూ తిరుగుతూ ఉండగానే మరుక్షణం ఆకాశనౌక కనబడుతుంది. లక్షల సంవత్సరాలు ఒక్క కత్తెర దెబ్బతో దాటేశాడు. దీనిని మాటల్లో రాయండి చూద్దాం! రాయలేరు. క్లార్క్ ఆ పని పెట్టుకోలేదు. ఆయన ఆ ఆదిమానవుడికి ఆకలి ఎలా ఉందో, ఆలోచన ఎలా పుట్టిందో చెప్పాడు. సినిమాలో హాల్ అనే కంప్యూటరు మనుషులను ఎందుకు చంపిందో తేలీతేలనట్టు ఉంటుంది. ప్రయాణం అసలు ఉద్దేశాన్ని తోటివారి దగ్గర దాచిపెట్టమని చెప్పటం వల్ల దానికి లోపల పెనుగులాట పుట్టి చెడిపోయిందని నవల తేటగా చెబుతుంది. దాచమన్నదానికీ, నిజం చెప్పవలసినదానికీ మధ్య నలిగి మతిపోవటం – కొలువు చేసినవాడికి ఈ కంప్యూటరు మీద జాలి కలుగుతుంది.

ఇంకొక చిన్న తేడా. సినిమాలో నౌక బృహస్పతి దగ్గరకు పోతుంది, నవలలో శనిగ్రహం దాకా పోతుంది. శని చుట్టూ ఉన్న వలయాలను నమ్మదగినట్టుగా తెర మీద చూపించటం అప్పటివారికి చేతకాలేదు. క్లార్క్‌కు ఆ ఇబ్బంది లేదు. కాగితం మీద శనిగ్రహానికీ బృహస్పతికీ ఒకటే ఖర్చు. కాని 1982లో దీనికి కొనసాగింపు రాసినప్పుడు ఆయన తన నవలను పక్కకు పెట్టి సినిమాలోని బృహస్పతినే పట్టుకున్నాడు. జనం గుర్తులో బొమ్మ మిగిలింది గాని మాట మిగలలేదని ఆయనకే తెలిసిపోయింది కాబోలు. నా మటుకు నాకు ఆ సినిమా గొప్పది, ఆ నవల అర్థమయ్యేది. రెండింటిలో ఏది కావాలంటే రెండూ కావాలంటాను.

మిగిలినవాటిని త్వరగా దాటిస్తాను. 1977 నాటి స్టార్ వార్స్ సినిమాకు నవల అంతకు ముందు ఏడాది చివరనే వచ్చింది. అట్ట మీద పేరు దర్శకుడు జార్జి లూకాస్‌ది, రాసింది అలన్ డీన్ ఫాస్టర్ అనే ఆయన. రాసేవాడొకడు, సంతకం మరొకరిది. ఇందులో మనకు కొత్తేముంది? ఆ పుస్తకం నాకు రుచించలేదు. ఆకాశంలో నౌకలు కొట్టుకోవటం కంటికి పండుగ గాని, చదువుతుంటే ఎడమకు తిరిగాడు, కుడికి తిరిగాడు అన్నట్టే ఉంటుంది. అదే ఫాస్టర్ 1979లో ఏలియన్‌కు నవల రాసినప్పుడు ఆ భయంకర జంతువు ఎలా ఉంటుందో సినిమావారు ఆయనకు చూపించలేదు. రహస్యమట. పెళ్ళికూతురిని చూపకుండా పెళ్ళి వ్యాసం రాయమన్నట్టు ఉంది. 1982లో వచ్చిన ఇ.టి. నవల మాత్రం వేరు. విలియం కోట్జ్‌వింకిల్ ఆ గ్రహాంతరవాసి మనసులోకి దూరి, భూమి మీద ఒంటరిగా చిక్కుకున్న పరదేశి ఏమి అనుకుంటాడో రాశాడు. కెమెరా ముఖం దాకానే పోగలదు, లోపలికి పోవటం మాటకే చేతనవును. ఇక ఫిలిప్ డిక్ సంగతి. ఆయన 1968లో రాసిన నవల ఆధారంగా బ్లేడ్ రన్నర్ తీసి, సినిమాను అనుసరించి కొత్త నవల రాస్తే పెద్ద సొమ్ము ఇస్తామన్నారు. ఆయన వద్దని, పాత నవలనే మళ్ళీ అచ్చు వేయించాడు. 1982లో ఆ సినిమా విడుదలకు కొద్దినెలల ముందే చనిపోయాడు. ఇటువంటి మనుషులు అరుదు.

మన దేశానికి తిరిగి వద్దాం. సత్యజిత్ రాయ్ 1962లో పిల్లల పత్రిక సందేశ్‌లో ఒక పల్లెటూరి బడిపంతులుకూ గ్రహాంతరవాసికీ కుదిరిన స్నేహం మీద బంకుబాబు కథ రాసి, తరువాత ‘ది ఏలియన్’ అని స్క్రిప్టు తయారుచేసి హాలీవుడ్ దాకా తీసుకువెళ్ళారు. అది సినిమా కాలేదు. పొరుగున తమిళంలో 1986లో కమల్‌హాసన్ విక్రమ్ తీసినప్పుడు రచయిత సుజాత ఆ కథను కుముదం వారపత్రికలో ధారావాహికగా రాశారు. ఈ సుజాత అసలు పేరు రంగరాజన్, బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరు. మనం ఎలక్షన్ డ్యూటీలలో నెత్తిన పెట్టుకొని మోసిన ఓటింగు యంత్రం తయారీలో ఆయన చెయ్యి ఉంది. యంత్రం తెలిసినవాడు కథ రాస్తే ఎలా ఉంటుందో తమిళులకు ఆ విధంగా దొరికింది.

మనకు దొరికింది ఆదిత్య 369. 1991 జులైలో వచ్చింది. దర్శకులు సింగీతం శ్రీనివాసరావు గారు. ఆయన కె.వి. రెడ్డి గారి దగ్గర మాయాబజార్‌కు సహాయకుడిగా పనిచేసినవారు. పాతాళభైరవి తీసినదీ ఆ కె.వి. రెడ్డి గారే. అంటే బొమ్మ వరమిచ్చే కథ నుంచి యంత్రం కాలంలో ప్రయాణించే కథ దాకా ఒకే గురుశిష్య పరంపర. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన టైమ్ మెషీన్ నవల ప్రేరణతో ఈ కథ పుట్టింది. ప్రొఫెసరు రాందాసు యంత్రం తయారుచేస్తాడు. కథానాయకుడు, నాయిక 1526లో శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, అక్కడ నుంచి 2504కూ పోతారు. రాయలవారి ఆస్థానంలో మన తెనాలి రామకృష్ణుడు కూడా ఉంటాడు గనుక ఇది మన ప్రాంతం సినిమా అని నేను కొంత దబాయించి చెబుతుంటాను. జంధ్యాల గారు మాటలు రాశారు. 1526లో వారి మాట వీరికీ, వీరి మాట వారికీ వింతగా తోచటం అందులో మంచి హాస్యం. తెర మీద అది ఎంత హాయిగా సాగుతుందో చూసినవారికి తెలుసు.

కాలప్రయాణం మనకు కొత్త కాదని కూడా ఇక్కడ మనవి చేస్తున్నాను. పేరాల నేను పుట్టినప్పుడు గుంటూరు జిల్లా. 1970లో కొత్త ఒంగోలు జిల్లాలో కలిపి, రెండేళ్ళకు ప్రకాశం అన్నారు. 2022లో బాపట్ల జిల్లా అయింది. ఊరు కదలలేదు, సర్వీసు రిజిస్టరులో మాత్రం మూడు జిల్లాలు తిరిగింది.

ఇక, ఈ వ్యాసం ఎందుకు రాశానో చెప్పాలి. మన సంఘంలోనే ఒక మిత్రుడు, నాకంటే ఆఫీసులో రెండేళ్ళు సీనియరు, నీటికాసుల జబ్బుతో ఆరేళ్ళ క్రిందట చూపు పూర్తిగా పోగొట్టుకున్నారు. ఆయనకు సినిమాలంటే ప్రాణం. ఇప్పుడు ఇంట్లో వాళ్ళు టీవీలో సినిమా పెడితే మాటలు వినిపిస్తాయి గాని, మాటలు లేని చోట ఏమి జరుగుతున్నదో ఎవరూ చెప్పరు. చెప్పే తీరిక ఎవరికుంది? 2024లో కల్కి సినిమా వచ్చినప్పుడు మనుమలు ఆయనను కూడా హాలుకు తీసుకువెళ్ళారు. మూడు గంటలసేపు చప్పుడు విన్నానోయ్ అన్నారు తిరిగివచ్చి. అప్పటినుంచి ప్రతి గురువారం సాయంత్రం నేను వెళ్ళి ఆయనకు ఒక సినిమా చెబుతున్నాను.

ఇందాక రాసిన విషయాలన్నీ ఆ గురువారాల్లో పరీక్షకు నిలబడినవే. పాతాళభైరవి ముప్పావుగంటలో చెప్పేశాను. మా మేనత్త బావిని కూడా కలిపాను. ఆయన కళ్ళు మూసుకొని విన్నారు, మధ్యలో ఒక్క ప్రశ్న లేదు. 2001ని సినిమాగా చెప్పబోయి పది నిమిషాలకు చేతులెత్తేసి, నవలను తెలుగు చేసుకుంటూ చదివాను. నాలుగు వారాలు పట్టింది. కంప్యూటరును ఒక్కొక్క భాగం ఊడదీసి ఆపేసే ఘట్టం దగ్గర ఆయన, పాపం, చాలించవోయ్ అన్నారు. ఫెంటాస్టిక్ వాయేజ్‌ను కావాలని సినిమాలో ఉన్నట్టుగానే చెప్పాను, జలాంతర్గామిని లోపలే వదిలేసి. టీ తాగుతూ తాగుతూ ఆయన గ్లాసు కింద పెట్టి, మరి ఆ పడవ ఏమైంది అని అడిగారు. నలభై ఏళ్ళు లెక్కలు సరిచూసిన మనిషిని మోసం చేయటం సాధ్యమా?

ఆదిత్య 369 దగ్గర మాత్రం బండి ఆగింది. ప్రతి రెండు నిమిషాలకొక ప్రశ్న. ఆ యంత్రం కదిలింది కాలంలోనేనా, నేల మీద కూడానా? కాలంలోనే అయితే విజయనగరానికి ఎలా చేరింది? రాయలవారి ఇంట భోజనం పెట్టి ఉంటారు గదా, కూరలో మిరపకాయ ఉందా? ఇది గుంటూరు జిల్లాలో పుట్టినవాడికి తప్ప తట్టని ప్రశ్న. నేను తెలిసినంతలో చెప్పాను. మిరపకాయ అమెరికా ఖండం పంట, పోర్చుగీసువారి ఓడల్లో మన దేశానికి వచ్చింది. వారు గోవా పట్టుకున్నది 1510లో. కాబట్టి 1526లో రాయలవారి వంటశాలలో కారమంటే మిరియాలే అయి ఉండాలి. టమోటా, బంగాళాదుంప కూడా అప్పటికి లేనట్టే. అయితే మన కుర్రవాడు ఆ కూర నోట్లో పెట్టుకోగానే ఏమనుకున్నాడు అన్నారు. సినిమాలో లేదండీ అన్నాను. లేకపోతే నువ్వు రాయి అన్నారు.

అందుకని ఒక పాత లెడ్జరు తీసుకొని రాస్తున్నాను. అచ్చుకు కాదు, ఎవరి హక్కులకూ అడ్డం రాదు; గురువారం చదివి వినిపించటానికి మాత్రమే. వెల్స్ తన నవలలో యంత్రం ఎలా పనిచేస్తుందో పెద్దగా చెప్పలేదు. పొడవు, వెడల్పు, ఎత్తు లాగా కాలం కూడా ఒక దిశ, దాని వెంట ముందుకూ వెనక్కూ నడవవచ్చు అని మాత్రం అనిపించి, నికెలు, దంతము, స్ఫటికాలతో యంత్రాన్ని మన కళ్ళ ముందు పెట్టి ఊరుకున్నాడు. నేనూ ఆ దారినే పోతున్నాను. కాని భోజనాల దగ్గర, నాణేల దగ్గర, భాష దగ్గర ఆగి ఆగి రాస్తున్నాను. సినిమాలో నిమిషం పట్టినది లెడ్జరులో పన్నెండు పేజీలయింది. రాయలవారి ఘట్టం ముగించేసరికి నలభై మూడు పేజీలు.

పోయిన గురువారం నుంచి 2504లో పడ్డాము. మూడవ ప్రపంచ యుద్ధం జరిగి, నేల మీద విషం వ్యాపించి, మనుషులు భూమి కింద బతుకుతున్న కాలం అది. దీపాలు, లోహపు గోడలు, వింత దుస్తులు అన్నీ చెప్పుకుంటూ పోతున్నాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

“అవన్నీ సరే. ఆ భూమి కింద లోకంలో మన వయసు వాళ్ళు ఎక్కడైనా కనబడ్డారా నీకు?”

చూసి చెబుతానండీ అన్నాను. ఈ గురువారం లోపల మనుమడి ఫోనులో ఆ భాగం మళ్ళీ ఒకసారి చూడాలి.